ఎలుకను వేసిన చెయ్యి

కాఫీ పెట్టుకోకముందే ఎలుకలకు గింజలు వెయ్యాలి. బట్టలుతికే గదిలో అట్టపెట్టె నిండా తెల్ల ఎలుకలు. పట్నంలో పెంపుడు జంతువుల దుకాణం నుంచి వాటిని తెచ్చేది అర్డిస్. "మనవరాలు ఆడుకోడానికి" అని దుకాణం పిల్లతో అబద్ధమాడేదీ, పెట్టె శుభ్రం చేసేదీ ఆమే. ఆ ఎలుకల కోసం వచ్చి వాలే మంచు గుడ్లగూబను ఫోటో తీసేది మాత్రం ఆమె భర్త వెర్లిన్.

"బాగా లావుగా ఉన్నదాన్ని తియ్యి అర్డీ. దూరం నుంచి దాని కంటపడాలి," అన్నాడు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ.

టామరాక్ కౌంటీ కెమెరా క్లబ్బులో మొదటి నియమం, పక్షికి ఎర వెయ్యకూడదని. పోటీకి పెట్టే ప్రతి పక్షి ఫోటోతో ఒక కాగితం ఇవ్వాలి. ఎర వెయ్యలేదని తీసినవాడు రాయాలి, పక్కనున్నవాళ్ళెవరైనా సాక్షి సంతకం చెయ్యాలి. తొమ్మిదేళ్ళుగా ఆ సంతకం అర్డిస్‌ది. ఎర వేసిన చెయ్యీ అదే.

పోయిన అత్త ఆమెతో అనేది: "మావాడు చూసేవాడు, నువ్వు మోసేదానివి. ఎవరి పని వాళ్ళు చేసుకుంటే ఏ గొడవా ఉండదు." ముక్కాలి స్టాండూ, మోచేతంత పొడుగు లెన్సున్న సంచీ, ఫ్లాస్కూ, రొట్టెలూ ముప్పై ఏళ్ళుగా మోస్తూనే ఉంది.

ఆమెకూ ఒక కెమెరా ఉంది. చర్చివాళ్ళు పాతసామాను అమ్మినప్పుడు తెచ్చుకుంది. ఒకటే లెన్సు, అదీ ముందుకు జరగదు, వెనక్కి జరగదు. దేన్నైనా దగ్గరగా చూడాలంటే తన కాళ్ళతో తనే దగ్గరకు నడవాలి. ఆ నడకే ఆమెకు ఇష్టం. రీలుకు ఇరవైనాలుగు ఫోటోలే కాబట్టి కనపడ్డదల్లా తియ్యడానికి లేదు. తీగ మీద గడ్డకట్టి అట్టల్లా నిలబడ్డ చొక్కాల ముందు ఎండ పక్కకు వాలేదాకా నిలబడేది. ఒకసారి నొక్కేది. లోపల చిన్నగా టిక్కుమనేది. ఆ పూటంతా ఆమెకు వంటగదిలో కూనిరాగం వచ్చేది. ఏం పడిందో ఇంకా తెలియదు, అయినా తనదంటూ ఒకటి ఆ చీకటి డబ్బాలో ఉంది.

పోయిన సెప్టెంబరులో వెర్లిన్ తమ్ముడు భోజనానికి వచ్చాడు. వెర్లిన్ ఆ కెమెరా అందుకుని, "ఏదీ, మా ఆవిడ కళాఖండాలు చూద్దాం!" అంటూ దాని వెనక మూత తెరిచాడు. రీలంతా వెలుతురు పడి పాడైపోయింది. అందులో అర్డిస్ చెల్లెలు కార్లీన్ ఉంది, అరుగు మీద బఠాణీలు వలుస్తూ. కార్లీన్ అంతకుముందు నెలే, ఆగస్టులో పోయింది.

"ఇంకో రీలు కొనుక్కో. ఎలాగూ అన్నీ గరిటెలూ గుడ్డపేలికలేగా," అన్నాడు వెర్లిన్. తమ్ముడు నవ్వాడు.

ఆమె ఏడవలేదు. పళ్ళేలు తీసి కడిగింది. కార్లీన్ సంగతి చెబితే అతను జాలిపడి భుజం తడతాడు, అంతటితో చెల్లు అనుకుంటాడు. అందుకే చెప్పలేదు. ఆ జాలి కూడా అతనికి దక్కనివ్వదలుచుకోలేదు. తన ఇరవైనాలుగూ పోయాయి. అతనివీ పోవాలి, నలుగురూ చూస్తుండగా.

జనవరిలో ఆ రోజు పొలంలో గాలి మొహం కోస్తోంది. వాళ్ళ బండి చప్పుడు వినగానే గుడ్లగూబ కంచె గుంజ మీదికొచ్చి కూర్చుంది. అంత అలవాటు చేశారు దానికి.

"ఆ బొమ్మ కెమెరా ఎందుకే మెళ్ళో?" అన్నాడు వెర్లిన్, స్టాండు వెనక వంగి.

"ఊరికే."

"దానికి గుడ్లగూబ ఈగలా పడుతుందిలే. పక్కకి జరుగు, నా ఫ్రేములోకి వస్తున్నావ్!"

జరిగింది. ఎలుకను విసిరి పక్కనున్న గడ్డిమోపు చాటున మోకాళ్ళ మీద కూర్చుంది. అతని లెన్సుకు పక్షి తప్ప ఇంకేమీ కనపడదు. ఆమె లెన్సుకు ఎదురుగా ఉన్నదంతా కనపడుతుంది. మంచు మీద ఎలుక, పైన విచ్చుకున్న రెక్కలు, అవతల నారింజ టోపీలో వెర్లిన్. ఒక్కసారే నొక్కింది. చూడకుండానే తెలిసింది, బాగా పడిందని.

మార్చిలో పోటీకి ముందు అంట్లు తోముతుంటే అతను కాగితం తెచ్చాడు. "ఎప్పటిలాగే, ఇక్కడ." ఆమె చేతులు తుడుచుకుని గుండ్రంగా సంతకం చేసింది. అతను అటు వెళ్ళాక, జనవరిలో తను తీసిన ఫోటోను పోటీలో ఒకే లెన్సు కెమెరాల విభాగానికి పెట్టడానికి ఇంకో కాగితం నింపింది. ఎర వేశారా? అవును. ఎవరు? నేను, నా భర్త చెప్పగా. ఆ కాగితాలు ఎవరూ చదవరని తొమ్మిదేళ్ళుగా ఆమెకు తెలుసు.

పోటీ రోజు, క్లబ్బు సమావేశాలు జరిగే చర్చి కింది హాల్లో వెర్లిన్ గుడ్లగూబకు మొదటి బహుమతి రిబ్బను తగిలించారు. "ఓపికుండాలి బాబూ. మూడు గంటలు ఉలక్కుండా కూర్చున్నా," అని చెబుతున్నాడు, చేతిలో నిమ్మకాయ కేకు ముక్కతో. ఈలోగా క్లబ్బు పెద్ద లవోన్ రెండో వరసలో ఒక ఫోటో ముందు ఆగిపోయింది. డెబ్బై దాటిన మనిషి, కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. రిబ్బనున్న గుడ్లగూబ వంక చూసింది. రెండింట్లోనూ అవే రెక్కలు, అదే విరుపు.

"వెర్లిన్, ఈ నారింజ టోపీ నీదేనా?"

"ఆ టోపీ ఈ కౌంటీలో ఇంకెవడు పెడతాడు!" అని వెనక నుంచి ఎవరో నవ్వి, ఫోటోలోని ఎలుకను చూసి నోరు మూసుకున్నారు.

వెర్లిన్ అర్డిస్ మోచెయ్యి పట్టుకున్నాడు. "అర్డీ, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో ముప్పై ఏళ్ళు మాట్లాడావుగా."

"అతని కాగితం మీద సాక్షి సంతకం నీదే కదమ్మా?" అంది లవోన్.

వెర్లిన్‌కు ప్రాణం లేచొచ్చింది. "అదీ! అడగండి, అడగండి."

"దొంగ సంతకం అది," అంది అర్డిస్. "నన్నూ క్లబ్బులోంచి తీసెయ్యండి."

"ఈ ఒక్కటేనా?" అని అడిగింది లవోన్.

అర్డిస్ గోడల వంక చూసింది. చెక్క చట్రాల్లో, ఇత్తడి రేకుల మీద వెర్లిన్ పేరుతో తొమ్మిదేళ్ళ గుడ్లగూబలు, డేగలు. ఒక్కొక్కదాన్నీ చూస్తూ వచ్చింది. ఏ ఎలుకను ఎక్కడ వేసిందో అన్నీ గుర్తున్నాయి.

"అన్నీ," అంది.

లవోన్ ఆ చట్రాలన్నీ దింపమంది. నిచ్చెన తెమ్మంది. పాత నిచ్చెన, ఒక కాలు పొట్టి. ఎవరో ఎక్కబోతే ఊగింది. అర్డిస్ కాఫీ కప్పు పక్కన పెట్టి వెళ్ళి నిచ్చెన పట్టుకుంది. పట్టుకుని నిలబడటంలో ఆమెను మించినవాళ్ళు ఆ హాల్లో లేరు.