అడిగితే ఇచ్చే కారు

ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరుతూ కారు వెనక తలుపు తీసిన ఎమోసికి, మీగడ రంగు తోలు సీటు మీద జానెడు మేర ఎండిన నెత్తురు కనిపించింది.

అరవలేదు. ఫ్రాన్సులో ఏళ్ల తరబడి రగ్బీ ఆడి ముక్కు విరగ్గొట్టుకున్న మనిషికి నెత్తురు కొత్త కాదు. తలుపు నెమ్మదిగా మూసి, రోడ్డవతల ఉన్న మా ఇంటికి వచ్చాడు.

"బావా, నువ్వు పోలీసులో చేసింది నిజమే అయితే ఇప్పుడు కాస్త పనికిరా."

నేను సింగటోక స్టేషన్లో సార్జెంటుగా రిటైరయ్యాను. ఎమోసి నా మేనమామ కొడుకు. బావాబామ్మర్దులు ఎదురుపడి ఎగతాళి చేసుకోకపోతే మా ఊళ్లో ఏదో గొడవుందనుకుంటారు. ఆ రోజు వాడి మొహం చూసి ఊరుకున్నాను.

ఆటలో సంపాదించిన దాంట్లో సగం పోసి వాడు ఆ తెల్ల జర్మనీ కారు కొన్నాడు. మా దీవి ఉప్పుగాలి దాని రంగు తింటోంది, గతుకులు దాని అడుగు తింటున్నాయి, మిగిలింది మెకానిక్కు తింటున్నాడు. అమ్మేసి చిన్న ట్రక్కు కొనమని వాడి భార్య అకోసిత పోరు. దానివల్ల ఇంకొక్క తలనొప్పి వస్తే అమ్మేస్తానని పోయిన వారమే మాటిచ్చాడు.

"అకోసిత చూసిందా?" అన్నాను.

"చూశాను," అంది అకోసిత, వాకిట్లోంచే. "కారు కొంటానన్న లౌటోక హోటలాయనకి ఫోన్ కూడా చేశాను. రేపు పొద్దున డబ్బుతో వస్తాడు. అన్నయ్యా, ఆ నెత్తురు మనిషిదో కాదో చూసి చెప్పు. కడగొచ్చో కడక్కూడదో తెలియాలి కదా."

ఎమోసి రోడ్డవతలి కారు వైపు చూశాడు. ఆ కారు పోతే వాడి ఆటకు గుర్తుగా మిగిలేది ఆ వంకర ముక్కే.

వెళ్లి చూశాను. సీటు సందులో నల్లటి ముతక వెంట్రుక దొరికింది.

"పంది," అన్నాను.

"పందికి కారు నడపడం వచ్చా?"

"నీకు వచ్చిందిగా బావా."

శుక్ర, శనివారాలు ఎమోసి ఊరి కుర్రాళ్ల రగ్బీ జట్టుతో సువా పట్నంలో ఉన్నాడు. జట్టు బస్సులోనే వెళ్లి, శనివారం సాయంత్రం ఊళ్లో విందు వేళకు తిరిగొచ్చాడు. అకోసిత శనివారం పొద్దంతా విందు వంటల దగ్గర ఉంది. తాళంచెవి ఎప్పటిలాగే వంటింటి మేకుకు వేలాడుతోంది. డ్రైవరు సీటు మాత్రం స్టీరింగుకు ఆనుకునేంత ముందుకు జరిగి ఉంది. ఎవరో పొట్టి మనిషి. నడుముకు మర్దన చేసే మీట చివరిదాకా తిప్పి ఉంది.

"దొంగతనమే," అన్నాడు ఎమోసి.

నాకు అక్కడే తేడా కొట్టింది. మా దగ్గర ఎవరైనా వచ్చి కావాలని నోరు తెరిచి అడిగితే కాదనడం ఉండదు. చొక్కా అయినా అంతే, కారయినా అంతే. పెళ్లికూతుళ్లు, నొప్పులు పడే ఆడవాళ్లు, ఒకసారి పాస్టరు గారి ఫ్రిజ్జు కూడా అందులో ఊరేగాయి. అడిగితే వచ్చే కారును దొంగిలించడం దేనికి? తీసుకెళ్లినవాడు దొంగ కాదు. అడగడానికి నోరు రానివాడు.

చర్చిలో వాడు దొరికాడు.

ఇనోకే మా ఇంటి పెద్ద. ఎమోసికి పెదనాన్న, నాకు పెద్ద మేనమామ. పొట్టి మనిషి. నడుం పడిపోయేదాకా చెరకు లారీ నడిపాడు. కారు వచ్చిన రోజు నుంచీ దాన్ని 'తెల్లదొర' అని తిట్టని సాయంత్రం లేదు. కొంతకాలంగా ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవలేని ఆయన, ఆ రోజు ప్రతి పాటకీ తనంతట తనే లేచి నిలబడ్డాడు.

భోజనాలయ్యాక చాప మీద, వేరు దంచి కలిపే యాంగోనా పానీయం గిన్నె చుట్టూ అందరం కూర్చున్నాం. ఆయన వంతు కొబ్బరిచిప్ప చేతికివ్వగానే మెల్లగా మొదలుపెట్టాను.

"మావయ్యా, నిన్నటి విందుకు పంది ఎలా వచ్చింది?"

"చెప్పానుగా. బస్సులో. మీవాడి తెల్లదొర చేసే పని బస్సు చిల్లరకే చేసింది."

"నడుం ఇవాళ బాగున్నట్టుందే."

చిప్ప నోటిదాకా వెళ్లి ఆగింది.

"ఆ దొరగారికి నడుం పిసకడం వచ్చు," అన్నాను. "ఆ సంగతి ఎమోసికి తెలుసు, నాకు తెలుసు. పందిని తెచ్చినవాడికి కూడా తెలిసిపోయింది."

అకోసిత మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "రేపు లౌటోకాయన వస్తున్నాడు మావయ్యగారూ. మీరన్నట్టే అమ్మేస్తున్నాం."

ఇనోకే చిప్ప కింద పెట్టాడు.

"తీసుకెళ్లింది నేనే. పంది మా చెల్లెలి ఊళ్లో, పొయ్యి ఇక్కడ. బస్సు ఎంతసేపు చూసినా రాలేదు. ఏ నోటితో అడగను? ఈ గిన్నె ముందు కూర్చునే కదా దాన్ని రోజూ తిట్టింది. గోనె చాల్లేదు, నెత్తురు కారింది, అది నా తప్పే. దారిలో చెయ్యి ఆ మీటకి తగిలింది. ఎవరో నడుం పట్టుకున్నట్టయి హడలిపోయి ఆపేశాను. తర్వాత నేనే మళ్లీ తిప్పాను. ఇంటికొచ్చి పందిని దించాక కూడా వెళ్లి అందులో కూర్చున్నాను. మీ పెద్దమ్మ పోయాక నా నడుం సంగతి పట్టించుకుంది ఆ బండొక్కటే. ఇక దాచేదేముంది? అందరి ముందూ అడుగుతున్నా ఎమోసీ, వచ్చే శనివారం ఆ బండి నాకు కావాలి. ఆ పై శనివారం కూడా. అమ్మాయ్, లౌటోకాయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పు. ఇంటి పెద్ద నోరు తెరిచి అడిగాక దాన్ని ఎలా అమ్ముతారు? సీటు నేనే కడుగుతాలే."