తొమ్మిదికీ నాలుగుకీ మధ్య

మూడోసారి కూడా గంగులు నెత్తురు వెనక్కే వచ్చింది. వెనక్కి వచ్చింది సీసా కాదు, మాట. ‘నమూనా తప్పు, మళ్లీ తీసి పంపండి’ అని కంప్యూటరు తెరమీద ఎర్రక్షరాలు. మరిడమ్మకు చదువు రాదు గానీ, ఎరుపంటే ఏమిటో ఈ మూడు రోజుల్లో తెలిసిపోయింది.

ఆమె మొగుడు గంగులు కళింగపట్నంలో ఇరవై ఏళ్లు సముద్రం మీద బతికిన మనిషి. ఇప్పుడు ఊరి ఆస్పత్రి వరండాలో బల్లమీద గోడకు చేరగిలబడి, గట్టున పడ్డ చేపలా నోటితో గాలి పీలుస్తున్నాడు. కాళ్లు వాచిపోయాయి. వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోతోంది. కిడ్నీలు రెండూ పోయాయి, మిషనుమీద నెత్తురు కడిగించాలన్నారు. శ్రీకాకుళం ఆస్పత్రిలో ఒక మంచం ఖాళీ అయింది. సాయంత్రం నాలుగు లోపల కంప్యూటరులో ఇతని కిడ్నీ లెక్క చేరితే అది ఇతనిది. చేరకపోతే వరసలో తరవాతివాడిది. అప్పటికి రెండు కావస్తోంది.

“ఇంకోపాలి తియ్యాలప్పా,” అన్నాడు ల్యాబులో పనిచేసే దేవేంద్ర మరిడమ్మతో, కొత్త సూది విప్పుతూ.

“ఏటి తీస్తావు బాబూ? ఆ సెయ్యి సూడు. మూడు దినాలకి మూడుపాల్లు పొడిసినావు. ఈ మడిసి వొంట్లో నీరు తప్ప నెత్తురెక్కడున్నాది?”

గంగులు కళ్లు తెరవకుండానే, “తియ్యనీవే మరిడీ. దోమలకంటే నయం. అడిగి తాగుతన్నాడు,” అన్నాడు.

దేవేంద్ర నవ్వలేకపోయాడు. కోటబొమ్మాళి రైతుబిడ్డ, చెడ్డవాడు కాడు. తప్పెక్కడుందో తెలియక అతనికీ ముద్ద దిగడం లేదు. పది రోజుల కిందట విదేశపు మిషను వచ్చింది. నెత్తురు పోస్తే అంకెలున్న చీటీ అదే కక్కుతుంది. ఆ చీటీ చూసి ఇతను కంప్యూటరులో కొట్టాలి. షుగరు పరీక్షలు వందకు పైగా వెళ్లాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. కిడ్నీ పరీక్ష గంగులుదే మొదటిది. లెక్కలు చూసే ఆఫీసుకు ఫోను చేస్తే ఒకటే పాట: “అంకెల్లో కామాలు పెట్టకండి, కంప్యూటరు తీసుకోదు.” ఇతను పెట్టడం లేదు. చీటీలో కామా ఉంటే తీసేసి మరీ కొడుతున్నాడు. కామాదేముంది? లక్షా ఇరవై వేలు రాసినప్పుడు కంటికి ఆనడానికి పెట్టేది. ఉన్నా లేకపోయినా లక్షా ఇరవై వేలే. బడిలో నేర్పిందీ అదే, వాళ్ల నాన్న ధాన్యం లెక్కలు రాసిందీ అలాగే.

“కిడ్నీ లెక్క మొన్న తొంభై ఒకటి, నిన్న తొంభై మూడు, ఇయాల తొంభై నాలుగు. అంతున్న మడిసి బతికుండడు, అందుకే నెత్తురు పాడైపోయిందంటన్నాది కంప్యూటరు,” అన్నాడు దేవేంద్ర.

“బతికే ఉన్నాడు గదా. తెచ్చి సూపించు దానికి.” మరిడమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, కాసేపు ఏదో లెక్కవేసుకుంది. “పాడైన సరుకు రోజుకో తీరుగుంటాది బాబూ. ఇది బుద్ధిగా వొకటీ రెండూ పెరుగుతన్నాది. ఏదీ, ఆ సీటీ ఇటియ్యి.”

అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. ఎండుచేపలు తూచే కాటాలో రోజూ చూసేవే. తొమ్మిది ఉంది, నాలుగు ఉంది. మధ్యలో వేలుపెట్టింది.

“ఈ తోకేటి?”

“కామా. అది లెక్కలోకి రాదప్పా.”

“మా కాటాలోనూ మజ్జిన సుక్కుంటాది. ఇటు కేజీలు, అటు గ్రాములు. ఆ సుక్క సెరిపీసి, తొమ్మిది కేజీల సిల్లరని తొంభై నాలుగు కేజీలంటే, కొనేవోడు ఆ బుట్ట నా నెత్తినే తిరగేస్తాడు.”

దేవేంద్ర చీటీ లాక్కున్నాడు. మిషనుతో వచ్చిన పుస్తకం తీసి, ఆరోగ్యవంతుడి లెక్క ఎంతో రాసిన పేజీ వెతికాడు. అక్కడా సున్నా, తోక, తొమ్మిది. ఆ మిషను పుట్టిన దేశంలో మన చుక్క బదులు కామా పెడతారు. షుగరుకు చిల్లర ఉండదు గనక ఇన్నాళ్లూ బయటపడలేదు. అతను కంప్యూటరు ముందుకు జరిగాడు. తొమ్మిది, చుక్క, నాలుగు కొట్టాడు.

మళ్లీ ఎరుపే. మూడుసార్లు తప్పు పంపినందుకు ఈ పేరు వారం రోజులు ఆపేశారట. ఆఫీసుకు ఫోను చేస్తే, “సిస్టం ఒప్పుకోదండీ, వారం ఆగండి,” అని పెట్టేశారు.

“వారమా,” అంది మరిడమ్మ. ఏడవలేదు. మొగుడి చంకకింద చెయ్యేసి లేపింది. “నువ్వు రా బాబూ. తప్పు నువ్వు సేసినావు, నీ నోటితో నువ్వే సెప్పు.”

దేవేంద్ర ల్యాబుకు తాళం వేసి శ్రీకాకుళానికి ఆటో పిలిచాడు. దారంతా గంగులు తల ఆమె భుజం మీద ఊగుతూనే ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది.

నాలుగుకు పది నిమిషాలుండగా ఆస్పత్రికి చేరారు. కౌంటరులో మనిషి తెర చూసి తల అడ్డంగా ఊపాడు. అందరూ వింటుండగా దేవేంద్ర, “తప్పు నాది. చుక్కని కామా అనుకుని తీసేశాను. ఆ మనిషిది కాదు,” అన్నాడు. లోపలినుంచి వచ్చిన డాక్టరమ్మ చీటీ చూసింది. వంగి గంగులు పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. లేవలేదు.

“ఇవాళ మిషను ఎక్కించండి. రాతకోతలు నేను చూసుకుంటా,” అంది. తరవాత మరిడమ్మ వైపు తిరిగింది. “ఇవాళ్టికేనమ్మా. మళ్లీ శనివారం కడగాలి. అప్పటికి పేరు కంప్యూటరులో రాకపోతే ఈ మంచం నేను ఆపలేను.”

గొట్టంలో నెత్తురు కదలడం మొదలైంది. మరిడమ్మ వేళ్లు మడుచుకుని రేపటి గురువారం నుంచి శనివారం దాకా లెక్కపెట్టింది, ఆఫీసు వాళ్లు చెప్పిన వారం ఎన్ని వేళ్లో చూసుకుంది. నాలుగు వేళ్లు తక్కువయ్యాయి.

“బాబూ,” అంది, దేవేంద్ర వైపు చూడకుండా. “ఆ ఆపీసెక్కడున్నాదో సెప్పు. పొద్దున్నే నువ్వూ నేనూ ఎల్దారి.”