కాళ్ళబేరం

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో ముందు గిన్నెలు కడిగేవారు, తరవాత ఫ్యాను కట్టేసేవారు, ఆ తరవాత ఆటకి కూర్చునేవారు. ఫ్యాను కట్టెయ్యడం పాచిక కోసం. ఆట మధ్యలో రూల్సు మీద పేచీ వచ్చిందంటే, అప్పటికే విసిరిన పాచిక కింద పడేది కాదు. బల్లకి జానెడెత్తున గాలిలో నిలబడి మెల్లగా తిరుగుతూ ఉండేది. పేచీ తేలాక టక్కున పడేది. మాటల్లో తేలితే చాలదు, మనసుల్లో కూడా తేలాలి. గోడలెక్కే బూట్లు వానలో జారతాయా జారవా అని ఒకసారి వాదన వస్తే, దీపాలు పెట్టేవేళ దాకా అది వేలాడుతూనే ఉంది. దాని పక్కనించి చేతులు చాపి అందరూ టీ కప్పులు అందుకున్నారు. ఫ్యాను గాలికి కొట్టుకుపోయి బీరువా కింద దూరితే వెతకలేక చావాలన్న బాధే తప్ప, అందులో వాళ్ళకి వింతేమీ కనపడలేదు.

ఆట నడిపేవాడు ఇంటాయన. బస్సు డిపోలో టైమ్ కీపరు. బస్సు ఆలస్యంగా వస్తే తిట్టేవాళ్ళు ఊరంతా ఉంటారు గానీ, ముందొచ్చిందని తిట్టేవాడు ఆయనొక్కడే. ఆడేవాళ్ళు ముగ్గురు: ఆయన భార్య, వాళ్ళతోనే ఉండే ఆవిడ చెల్లెలు, కింద వాటాలో మందుల షాపు నడిపే పెద్దమనిషి. బల్ల మీద గళ్ళూ కాయలూ ఏమీ ఉండవు, ఉన్నదంతా మాటల్లోనే. రాబోయే కాలంలో ఒక నగరం. ఎప్పుడూ వాన, రంగురంగుల లైట్లు, మేఘాల్లోకి దూరిన మేడలు, వాటిల్లో కూర్చుని ఊరిని ఏలే కంపెనీలు. కింద సందుల్లో బతికేవాళ్ళు ఒంట్లో యంత్రాలు పెట్టించుకుని, ఆ కంపెనీల గుట్టు దొంగిలించి పొట్టపోసుకుంటారు. నగరం తరఫున టైమ్ కీపరు మాట్లాడతాడు. మిగతా ముగ్గురూ తలా ఒక మనిషై అందులో తిరుగుతారు.

ఆ ఆటకొక పాత రూలుంది. ప్రతి మనిషికీ ‘మనిషితనం’ అని కొన్ని మార్కులుంటాయి. ఒంట్లో కొత్త యంత్రం చేరినప్పుడల్లా పాచిక వేసి, ఎంత పడితే అంత అందులోంచి కొట్టెయ్యాలి. సున్నాకి వచ్చిందా, ఆ మనిషి ఆడేవాళ్ళ చెయ్యి దాటి మృగమైపోతాడు.

ఆ ఆదివారం మరదలు ఆడుతున్న దొంగపిల్ల, మేడల మీంచి దూకడానికి బాగున్న కాలు తీయించుకుని యంత్రపు కాలు పెట్టించుకోబోతోంది. మరదలు పాచిక విసిరింది. అది గాలిలో ఉండగానే టైమ్ కీపరు చెయ్యెత్తాడు.

"ఆగు. రూలు మారుస్తున్నా. కాలికీ చేతికీ ఇకనించి రెట్టింపు."

"రెట్టింపేంటి గురూ!" అన్నాడు మందుల షాపాయన. "మొన్న నేనాడే మనిషి కంటికే సగం మార్కులు ఊడాయి. ఆటా, జరిమానాలా ఇవి?"

"మీరంతా యంత్రాల్ని చాక్లెట్లలా తినేస్తున్నారు. భయం లేకపోతే ఆ నగరానికి అర్థమేముంది?"

"ఎందుకండీ ప్రతిదానికీ ఒంటికాలి మీద లేస్తారు?" అంది భార్య. అని, నాలిక కరుచుకుంది.

ఆయన గమనించలేదు. రూల్సు పూనినప్పుడు ఆయనకి ఎదురుగా మనుషులు కనపడరు. "ఇనుము చేరినకొద్దీ మనిషి తగ్గుతాడు. సగం ఇనుమైనవాడు సగం మనిషే. ఆట సంగతలా ఉంచండి, లోకంలో ఎక్కడైనా అంతే!"

పాచిక గాలిలో తిరుగుతోంది. మరదలు బల్ల పట్టుకుని లేచి, "టీ పెడతానక్కా" అంది. వంటింటి దాకా ఆమె నడిచిన చప్పుడు వినపడింది. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు టక్కుమని.

చిన్నప్పుడు లారీ కింద పడి ఆమె కుడికాలు పిక్క దాకా పోయింది. అప్పట్నించీ పెట్టుడు కాలే. ఆ సంగతి టైమ్ కీపరుకి తెలియదా అంటే, పెళ్ళికి ముందే తెలుసు. ఆమె బట్టలు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టరు. రోజంతా నిలబడి చేసే పని. ఈమధ్య ఆ మోకాలు కూడా పాడై వాచిపోతోంది. మోకాలి పైదాకా తీసేసి, లోపల చిన్న మోటారున్న కాలు పెడతామన్నారు డాక్టర్లు. తాత్సారం చేస్తే తొడ కూడా దక్కదన్నారు. "ఎంత పాడైనా అది నా సొంత మోకాలే కదా, ఆలోచించుకుంటాను" అని వచ్చేసింది ఆమె. అదీ ఆయనకి తెలుసు. తెలిసే అన్నాడు, తెలిసినట్టు గుర్తులేక అన్నాడు. ఆ అడుగుల చప్పుడు వినగానే ఆయనకి తల కొట్టేసినట్టయింది.

టీ వచ్చింది. చల్లారింది. పాచిక పడలేదు.

మర్నాడు పొద్దున మరదలు ఆసుపత్రికి ఫోన్ చేస్తుంటే, డిపోకి బయల్దేరుతున్న ఆయన చెవిన పడింది.

"ఇంకా ఏమీ అనుకోలేదండీ. పాచిక గాల్లో ఉంది. పడ్డాక చెప్తాను."

"గాల్లో ఉంటే మీరు మాత్రం ఏం చేస్తారమ్మా" అంది అవతలి గుమాస్తా. "కానీ త్వరగా పడేట్టు చూడండి. డాక్టరుగారు కంగారుపడుతున్నారు."

ఆయన గడపలోనే నిలబడిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ సామెత మనసులోకి రాగానే, అందులోనూ కాలుందని ఆయన చెవులు వేడెక్కాయి. ఇక ఆ వారమంతా తెలుగు భాష ఆయన మీద పగబట్టింది. ఎవరితో ఏం మాట్లాడినా మధ్యలో ఒక కాలొచ్చి అడ్డం పడేది. సెలవడిగిన డ్రైవరుతో "కాళ్ళావేళ్ళా పడితే లాభం లేదు" అనబోయి మింగేశాడు. కొత్తగా చేరిన కండక్టరుతో "నీ కాళ్ళ మీద నువ్వు నిలబడాలి" అనబోయి దగ్గాడు. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, ఆ మాట కూడా అనుకోకూడదని తనని తానే తిట్టుకున్నాడు. మరదలు మాత్రం ఎప్పటిలా దుకాణానికి వెళ్ళొస్తోంది. గోడ పట్టుకుని నడుస్తోంది. భార్య రోజూ చీర కొంగుతో పాచిక మీది దుమ్ము తుడిచేది. ఆయనతో ముక్తసరిగా మాట్లాడేది.

"రోజూ నొప్పి బిళ్ళలు పట్టుకెళుతోంది మీ మరదలు" అన్నాడు మందుల షాపాయన మెట్ల దగ్గర ఆపి. "నాకా వ్యాపారం వద్దు గురూ. ఏదో ఒకటి తేల్చు."

ఆదివారం వచ్చింది. ఫ్యాను వారం నించీ కట్టేసే ఉంది. నలుగురూ పాచిక చుట్టూ కూర్చున్నారు. టైమ్ కీపరు గొంతు సవరించుకున్నాడు.

"రెట్టింపు తీసేశాను. అంతేకాదు, జబ్బు వల్లో ప్రమాదం వల్లో పెట్టించుకున్నవాటికి మార్కులే కొట్టం. పూర్తి మినహాయింపు."

పాచిక కదిలింది. కదిలి, బెత్తెడు పైకి లేచింది.

"పైకి పోయిందేంటి గురూ!" అన్నాడు మందుల షాపాయన.

మరదలు నవ్వింది. ఆ నవ్వు ఆయనకి నచ్చలేదు. "నాకు కన్సెషనిస్తున్నావా బావా? బస్సులో సీటిచ్చినట్టు?"

"అది కాదమ్మాయ్..."

"సరే, ఆట సంగతే మాట్లాడదాం. ఏది అవసరమో ఏది సరదానో ఆ నగరంలో ఎవడు తేలుస్తాడు? కాళ్ళు అమ్మే కంపెనీయేనా? దాని చేతిలో మీట ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎవరి కాలైనా ఆపేస్తుంది. మార్కులు మాత్రం కాలున్నవాడికి పోతాయి, మీట నొక్కినవాడికి పోవు. ఇదేం తర్కం? ఇంకో మాట. నా దొంగపిల్లకి జబ్బూ లేదు, ప్రమాదమూ లేదు. సొంత కాలు ఇష్టపడి తీయించుకుంటోంది. అది తగ్గుతుందా, తగ్గదా? అది చెప్పు నాకు. ఉన్నదాన్ని తీయించుకుంటే..." అని ఆగిపోయింది. చెయ్యి దానంతటదే మోకాలి మీదకి వెళ్ళింది.

ఆమె వారం నించీ అడుగుతున్నది ఆ ఒక్క ప్రశ్నే అని ఆయనకి అప్పుడు తెలిసింది. జవాబు చెప్పాల్సినవాడు మినహాయింపులు పంచుతూ కూర్చున్నాడు. ఆయన లేచి వరండాలోకి వెళ్ళాడు. కాసేపు ఊరికే కింద రోడ్డుని చూశాడు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం బావా, కాళ్ళబేరానికి వచ్చావా?" అంది మరదలు.

వారమంతా ఆయన తప్పించుకు తిరిగిన మాటల్లో ఒకదాన్ని ఆమె ఇలా బల్ల మీద పడేసింది. ఆయనకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది.

"వచ్చాను" అన్నాడు. "ఆ రూలు నగరానిది కాదమ్మాయ్, నాది. నువ్వు సాయంత్రం వచ్చి కాలు విప్పి గోడకి ఆనిస్తావు చూడు, నేను అటు చూడను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. పేపరు చదువుతున్నట్టు నటిస్తాను. ఒకసారి మా డిపో మేనేజరు వస్తున్నాడంటే దాని మీద తువ్వాలు కప్పాను. నీకు ఇబ్బందని నాకు నేను చెప్పుకున్నాను. ఇబ్బంది నాకే. నిన్ను మనిషివి కాదని ఎప్పుడూ అనుకోలేదు. కానీ అది గోడకి ఆనుకుని ఉన్నంతసేపూ, నువ్వొక రవ్వ తగ్గినట్టు... అలా అనుకున్నాను. సిగ్గుగా ఉంది. చెప్పడానికి చాలా సిగ్గుగా ఉంది."

భార్య తలొంచుకుంది. మందుల షాపాయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"తువ్వాలు కప్పింది నువ్వేనని తెలుసు బావా" అంది మరదలు నెమ్మదిగా. "అది నా తువ్వాలే. స్నానానికి వెళ్తూ ఇల్లంతా వెతుక్కున్నాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"మరైతే మార్కులు ఎవరికి కొట్టాలి?" అంది.

"తల తిప్పుకున్నవాడికి" అన్నాడు. "ఒంట్లో ఎంత ఇనుమున్నా, ఉన్నది తీయించుకున్నా, మనిషి తగ్గడు. చూసి తక్కువ చేసినవాడు తగ్గుతాడు. ఇదీ రూలు."

పాచిక టక్కున పడింది. బల్ల మీద దొర్లి ఆయన ముందుకొచ్చి ఆగింది. ఆరు.

"నగరానికి మార్కులు రాసే చోటే లేదే?" అన్నాడు మందుల షాపాయన.

"నగరమంటే నేనే కదా. నా పేరు మీద కొట్టెయ్యండి" అన్నాడు టైమ్ కీపరు.

మరదలు కుర్చీలోంచి లేవకుండానే ఫోన్ అందుకుంది. "పాచిక పడిందండీ... ఆరు... నాకు కాదు, మా బావకి. ఆ, తీయించుకుంటాను. రేపే వస్తాం."

ఫోన్ పెట్టేసి, "అక్కా, ఇక ఫ్యాను వెయ్యవే, ఉడికిపోతున్నాం" అంది.

ఆపరేషన్ నాటి ఉదయం ఆమెని లోపలికి తీసుకెళ్తూ, నర్సు పాత పెట్టుడు కాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. భార్య కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వెళ్ళింది. ఆయన వరండాలో బెంచీ మీద కూర్చుని కాలుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అనుకున్నంత బరువు లేదు. లోపలి మెత్త ఆమె ఒంటికి తగ్గట్టు అరిగి నున్నగా ఉంది. బూటు మీద దుకాణంలో రాలిన దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. ఎదురు బెంచీ మీదాయన ఒకసారి చూసి, చటుక్కున తల తిప్పి గోడ మీది గడియారం చూడసాగాడు. ఆ తిప్పడం టైమ్ కీపరు బాగా ఎరిగినదే. అది బయటినించి ఎలా ఉంటుందో మాత్రం ఆయన ఇదే మొదటిసారి చూడటం, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నర్సు మళ్ళీ వచ్చింది. "దుప్పటి ఇమ్మంటారా? దాని మీద కప్పొచ్చు."

"వద్దమ్మా" అన్నాడు.

బూటు లేసు ఊడిపోయి ఉంది. ఆయన వంగి, దాన్ని చూస్తూ, జాగ్రత్తగా ముడి వేశాడు.