కాగితం మీది చెయ్యి

పొయ్యి మీద సిరా కాగుతోంది. ఓక్ చెట్ల కాయలు దంచి, ఇనుప మూకుడులో పోసి, తుప్పు పట్టిన మేకులు గుప్పెడు పడేసి, నల్లగా దిగేదాకా కలుపుతూనే ఉండాలి. అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం వచ్చాక కరోలినా కొండల్లో ఏ దుకాణానికి వెళ్ళినా సిరా అన్న మాటే లేదు. "మాంసం వండుకునే మూకుడులో ఆ పాడు కషాయమేమిటే?" అని అత్తగారు ఎప్పటిలాగే మొదలుపెట్టింది. కెజియా గరిటె తిప్పుతూనే ఉంది. మాంసం ఉంటే కదా వండడానికి! పైగా ఆ సిరా తన కోసమా? ఈవిడ ముద్దుల కొడుకు ఆస్బరీ హస్కిన్స్ గారు ఊరి కాపలా దళానికి కెప్టెన్. సైన్యం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళని పట్టుకోవడం ఆయన ఉద్యోగం. గవర్నరుకి ఆయన పంపే ప్రతి నివేదికా కెజియాయే రాయాలి. కింద సంతకం మాత్రం ఆయన పెడతాడు. అదీ కోడి కెలికినట్టుంటుంది.

కెజియా చేతిరాత ముత్యాలు పేర్చినట్టుంటుందని లోయంతా చెప్పుకునేవారు. తండ్రి బడిపంతులు కనక అబ్బిన విద్య. భోజనానికి ఎవరొచ్చినా ఆస్బరీది ఒకటే హాస్యం. "నాకో గుమాస్తా ఉందండోయ్. జీతం లేదు, తిండి ఒక్కటే ఖర్చు." అందరూ పకపకా నవ్వేవారు. పక్కన నిలబడి వడ్డిస్తున్న గుమాస్తా కూడా నవ్వాలి. నవ్వకపోతే వాళ్ళు గుమ్మం దాటగానే, "ఏం, మొహం అలా పెట్టావ్? నలుగురిలో నా పరువు తీద్దామనా?" అని మొదలయ్యేది.

ఆమెకి డైరీ రాసే అలవాటు కూడా ఉంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆస్బరీ దాన్ని తీసి చదువుతాడు. మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేమిటంటాడు. ఆయన జేబులు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి "మనసేం బాగాలేదు" అని రాసుకుంటే, అది తల్లి ముందు పైకి చదివి, "ఏం తక్కువైందమ్మా నీకిక్కడ?" అని అడిగాడు. అత్తగారు వారం రోజులు ఆ మాట పట్టుకుని దెప్పింది. అప్పట్నుంచీ కెజియా ఆ పుస్తకంలో వాతావరణం తప్ప ఏమీ రాయలేదు. ఎండ. మబ్బు. మంచు. మూడేళ్ళ కూతురు ఊపిరాడక ఆమె ఒళ్ళోనే పోయిన రోజున కూడా అందులో ఉన్నది "వాన" అన్న ఒక్క మాటే. నిజానికి ఆ రోజు వాన కూడా పడలేదు.

మనసులోని మాట ఆమె రాసింది ఇతరుల ఉత్తరాల్లోనే. మగవాళ్ళంతా దక్షిణాది సైన్యంలో, వర్జీనియాలో ఉంటే, చదువు రాని వాళ్ళ భార్యలు మధ్యాహ్నం పనులయ్యాక వచ్చి ఆమె పెరటి గుమ్మంలో కూర్చునేవారు. వాళ్ళు చెప్పేవారు, ఆమె రాసేది. ఒక్కొక్కసారి వాళ్ళు చెప్పలేక ఏడ్చేవారు, అదీ ఆమే రాసేది. సంతకం రాదు కనక ఉత్తరం చివర కుడిచెయ్యి కాగితం మీద ఆనిస్తే, చుట్టూ పెన్సిలుతో గీసి పంపడం ఆ లోయలో అలవాటైపోయింది. అక్కడ మొగుడు దాని మీద తన చెయ్యి పెట్టుకుంటాడు. మిల్లీ కాగిల్ మొగుడు లెవై ఒకసారి ఎవరి చేతో రాయించి పంపాడు. "అక్షరాలు పక్కవాడు చదివి వినిపిస్తాడు మిల్లీ. చెయ్యి మటుకు నేనే చదువుకుంటాను, వేలు వేలూ" అని. అది చదివి వినిపిస్తుంటే మిల్లీ సిగ్గుపడి, "చాల్లే అక్కా, అక్కడ ఆపెయ్యి" అంటూ మొహం కప్పుకుంది. కెజియాకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసూయే, దాచడమెందుకు!

కిందటేడు మిల్లీ చెప్పగా రాసిన ఉత్తరమే లెవైని ఇంటికి రప్పించింది. "కంకులు కోసే దిక్కు లేదు. చిన్నదానికి పాలు లేవు. ఇరవైమంది బానిసలున్న దొరకి యుద్ధం నుంచి మినహాయింపట, ఒక్క ఆవున్న నీకు లేదట. నువ్వెవరి కోసం చస్తున్నావు?" లెవై తుపాకీతో సహా వచ్చేశాడు. అతనితో పాటు మరికొందరు. వాళ్ళంతా ఇప్పుడు కొండ మీద అడవిలో ఉన్నారు. వాగు చీలే చోట చెట్టుకి కట్టిన సొరబుర్రలో ఆడవాళ్ళు రొట్టెలు, ఉత్తరాలు పెట్టి వస్తారు. కాపలా దళం పొంచి ఉంటే కొండ మీంచి ఇట్టే కనిపిస్తుంది. అప్పుడు దిగేవాడుండడు.

సిరా దించి వడకడుతుండగా ఆస్బరీ వచ్చాడు. చొక్కా విప్పి ఆమె మీదికి విసిరాడు.

"చన్నీళ్ళలో నానెయ్యి, లేకపోతే మరక పోదు."

రెండు చేతుల అంచులూ రక్తం.

"ఎవరిదండీ ఇది?"

"ఆ కాగిల్ ఆడదానిది. మొగుడెక్కడున్నాడే అంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. కంచె మూల పేర్చిన దుంగలెత్తి, కింద దాని చెయ్యి పెట్టించి, వదిలాం. మా దళంలో నోవా టట్ ఎక్కి పైన కూర్చున్నాడు కూడాను." చిలగడదుంప ముక్కలు మాడ్చి కాచిన కాఫీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "థూ, ఇదీ ఒక కాఫీయేనా? అరిచింది, స్పృహ తప్పింది, నీళ్ళు కొడితే లేచి మళ్ళీ అరిచింది. చెప్పలేదు మొండి ముండ."

"చెప్పేస్తే పోయేదానికి!" అంది అత్తగారు, కొడుకు పళ్ళెంలో మొక్కజొన్న రొట్టె ఇంకో ముక్క వేస్తూ. "ఆడది అంతలా మొండికెత్తితే ఎవరు మాత్రం ఊరుకుంటారు?"

కెజియా చొక్కా నీళ్ళలో ముంచింది. దళానికి ఇచ్చిన ఆజ్ఞ తనే రాసింది. "అవసరమైన అన్ని పద్ధతులూ వాడవచ్చును." ఎంత అందంగా రాసింది! ఆ పద్ధతులేమిటో ఆ రోజు అడగాలని కూడా తోచలేదు. మిల్లీ కేకలు, పైన కూర్చున్నవాడి బరువు, ఎముక విరిగిన చప్పుడు, అన్నీ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి.

"కూర్చో, రాయి" అన్నాడు ఆస్బరీ. "ఆ దొంగ వెధవలందరికీ పెళ్ళాం మాటంటే నీ చేతిరాతే. నీ అక్షరం చూస్తే ఆ లెవైగాడు నమ్ముతాడు."

"ఏమని రాయాలి?"

"చిన్నదానికి జ్వరం, బతికేలా లేదు. కెప్టెన్ దళాన్ని తీసుకుని జిల్లా ఊరికి వెళ్ళాడు. శనివారం మధ్యాహ్నం ఒక్కడివే రా. అంతే. మేం వాళ్ళ పశువుల కొట్టంలో ఉంటాం." గొంతు తగ్గించాడు. "కోతలలోపు అడవి ఖాళీ చెయ్యకపోతే నన్నే వర్జీనియా పంపిస్తారట. నన్ను! తెలుస్తోందా?"

ఇన్నేళ్ళలో ఆయన కళ్ళలో భయం చూడడం అదే మొదటిసారి. ఆ భయానికి మందు ఇంకొకడి శవం. రాసింది. ఒక్క అక్షరం వంకరపోలేదు, అలవాటు అలాంటిది.

"కింద చెయ్యి కూడా గియ్యి" అన్నాడు ఆస్బరీ. "అది లేకపోతే నమ్మరట కదా, నోవా చెప్పాడు. నీ చెయ్యి పెట్టి గీసెయ్యి."

"అది మిల్లీది కాదని పోల్చుకుంటాడండీ."

ఆస్బరీ కాఫీ పొలమారేలా నవ్వాడు. "పోల్చుకోవడానికేముందే అందులో? ఆడదాని చెయ్యి. ఎవరిదైనా ఒకటే."

కెజియా బల్ల మీదున్న తన చెయ్యి చూసుకుంది. బొటనవేలి పక్క వేలు కాస్త పక్కకి తిరిగి ఉంటుంది. పెళ్ళయిన రెండో ఏడు, పెట్టె సర్దుతుండగా ఆయనే కోపంలో మూత దభీమని వేశాడు. మణికట్టు మీద నూనె చిందిన మచ్చ. పదకొండేళ్ళుగా ఆ చెయ్యి ఆయనకి వండింది, ఉతికింది, రాసింది, జ్వరాల్లో నుదుటి మీద ఉంది. పది చేతుల మధ్య పెడితే ఈ మనిషి దాన్ని పోల్చుకోలేడు. ఎంతో కాలంగా లోపల ఎక్కడో తెలిసిన సంగతే. పైకి వినేసరికి ఒళ్ళంతా మంటెక్కింది.

పోనీ తన చెయ్యే గీస్తే? లెవై చూస్తాడా? బిడ్డ చచ్చిపోతోందంటే ఏ తండ్రి వేళ్ళు కొలుస్తూ కూర్చుంటాడు? పరిగెత్తుకొస్తాడు. చూడగానే కాళ్ళకి అడ్డం పడేది ఏదో ఆ కాగితం మీద ఉండాలి.

"అనుమానమొస్తే మీకే ప్రమాదమండీ" అంది నెమ్మదిగా. "వెళ్ళి మిల్లీ చెయ్యే గీసుకొస్తాను."

"చూశావా, మొగుడి మీద ఎంత ఇదో!" అని తల్లితో అన్నాడు ఆస్బరీ. ఏ చెయ్యో కెజియా చెప్పలేదు. ఏ చెయ్యి నలిపించాడో ఆయనకి గుర్తుంటే కదా!

మిల్లీ ఇంటి మెట్ల మీద నోవా టట్ తుపాకీ ఒళ్ళో పెట్టుకుని యాపిల్ పండు కొరుకుతున్నాడు. ఉత్తరం కింద మిల్లీ చెయ్యి గియ్యాలని చెబితే లోపలికి వదిలాడు. లోపల మిల్లీ పొయ్యి పక్కన గోడకి ఆనుకుని ఉంది. చేతికి పిండిసంచీ గుడ్డ చుట్టి ఉంది. వెనక ఆడపిల్లలిద్దరూ తల్లి గౌను పట్టుకుని నక్కారు.

"రా తల్లీ, కెప్టెన్ గారి పెళ్ళామా" అంది మిల్లీ. "ఆ చేత్తోనే నా మొగుణ్ణి పిలిపించావు. ఆ చేత్తోనే చంపించడానికొచ్చావా?"

నోవా బయట్నుంచే అరిచాడు. "వాగకుండా పెట్టవే! లేకపోతే ఈసారి దుంగ కింద పెట్టేది నీ పెద్దపిల్ల చెయ్యి!"

మిల్లీ కళ్ళు మూసుకుంది. తర్వాత బాగున్న ఎడమచెయ్యి చాపింది. కెజియా నేల మీద కూర్చుని, ఒళ్ళో చెక్క పెట్టుకుని, దాని మీద ఉత్తరం పరిచింది. ఆ చేతిని పక్కకి నెట్టింది.

"ఎప్పుడూ పెట్టే చెయ్యే పెట్టు, మిల్లీ."

మిల్లీ ఆమె మొహంలోకి చూసింది. ఆ తర్వాత గుడ్డ ముడి పళ్ళతో విప్పింది. కట్టు చర్మానికి అంటుకుపోయి ఉంది. లాగితే దానితో పాటు గోరొకటి ఊడి వచ్చింది. చిన్నపిల్ల కెవ్వుమంది. చెయ్యి ఊదారంగుకి తిరిగి, రెట్టింపు వాచింది. చిటికెన వేలు వెనక్కి విరిగి ఉంది. నడిమి వేలు సగం నుంచి పక్కకి వేలాడుతోంది. కెజియా రక్తం తుడిచింది, కాగితం మీద చుక్క పడకూడదు. చెయ్యి ఆనించి పెన్సిలు పెట్టగానే మిల్లీ ఒళ్ళు ఎగిరిపడింది, పెదవి కొరుక్కుంది, గడ్డం మీదికి రక్తం కారింది.

"ఏమిటా మూలుగు?" అన్నాడు నోవా.

"కదలకుండా పట్టుకున్నాను, అంతే" అంది కెజియా.

మిల్లీ ఆమె చెవి దగ్గరికి వంగింది. ఊపిరి మాత్రమే ఉంది ఆ గొంతులో. "వేళ్ళు విడదీసి గియ్యి అక్కా. ఆయన వేలు వేలూ చూస్తాడు."

వేలు వేలూ గీసింది. కళ్ళ నీళ్ళకి ఏమీ కనిపించకపోయినా గీసింది. అది ఆమె రాసినవాటన్నిటిలోకీ నిజమైన ఉత్తరం.

ఆస్బరీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు, ప్రతి మాట కిందా వేలు పెట్టి. చివరికి వచ్చి ఆగాడు.

"ఏమిటీ వంకర గీత? చెయ్యి వణికిందా?"

"ఆమె చెయ్యి వణికిందండీ."

"సర్లే, దీనికేం వంక పెడతాం. దాని పెద్దపిల్ల చేత బుర్రలో పెట్టించు" అని మడిచి నోవాకి ఇచ్చాడు. ఆ సాయంత్రమే అది సొరబుర్రలోకి వెళ్ళింది. మర్నాటికి బుర్ర ఖాళీ.

శనివారం పొద్దున ఆస్బరీ హుషారుగా గడ్డం గీసుకున్నాడు. గేటు దగ్గర గుర్రమెక్కి, "టోపీ!" అన్నాడు. తెచ్చి ఇచ్చింది. ఒక్క మాట చాలు. వెళ్ళకండి, వాళ్ళకి తెలిసిపోయింది. లెవై ఊరుకునే మనిషి కాదు, తోటివాళ్ళందరితోనూ దారి కాసి ఉంటాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదకొండేళ్ళ అలవాటు, ఆ మనిషికి దెబ్బ తగలకుండా చూడడం.

"అలా నిలబడిపోయావేం? కోడిని కొయ్యి. తిరిగొచ్చేసరికి ఆకలితో ఉంటాను" అన్నాడు.

"అలాగేనండీ" అంది కెజియా. గేటు తనే మూసింది.

లోపలికొచ్చి డైరీ తీసింది. ఆకాశం ఎలా ఉందో చూడలేదు. "మిల్లీ విరిగిన చెయ్యి నేనే గీశాను. కావాలనే గీశాను" అని రాసింది. సిరా ఆరనిచ్చింది. పుస్తకం మూయకుండా, ఆయన ఆదివారం కూర్చునే కుర్చీ ముందు, బల్ల మీద పెట్టింది. ఆయన తిరిగొస్తే చదువుతాడు. చదివితే ఏం చేస్తాడో ఆమెకి తెలుసు. చదవనీ!

కోడి ఈకలు పీకుతుండగా వాగు వైపు నుంచి తుపాకులు పేలాయి. ఒకటీ రెండూ కాదు, కొండంతా మోగింది. అత్తగారు వాకిట్లోకి పరుగెత్తి, "దొరికాడు! నా కొడుక్కి దొరికాడు!" అని చప్పట్లు కొట్టింది. కెజియా ఈకలు పీకుతూనే ఉంది.

పొద్దు వాలకుండానే బండి వచ్చింది. తోలుతున్న నోవా మొహం పాలిపోయి ఉంది. "వాగు రేవు దగ్గర కాచి ఉన్నారమ్మా, అందరూ... ముందు ఆయన్నే..." అంటూ ఏడ్చేశాడు. బండిలో ఆస్బరీ వెల్లకిలా ఉన్నాడు. మెడ సగం లేదు. టోపీ కూడా లేదు. అత్తగారు గుండెలు బాదుకుంటూ మీద పడింది. కాసేపటికి ఆమె చేతికి ఏదో తగిలింది. చొక్కా బొత్తానికి గుచ్చిన కాగితం. అక్షరాలు లోపలికి మడిచి, బొమ్మ మాత్రం పైకి కనబడేలా పెట్టారు. వాచిన అరచెయ్యి, వెనక్కి విరిగిన చిటికెన వేలు, ఒరిగిపోయిన నడిమి వేలు. మధ్యలో ఆస్బరీ రక్తం.

ముసలామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ అర్థం కాక కోడలి వైపు చాపింది.

"నా బిడ్డ గుండె మీద ఇదేమిటే? ఈ దిక్కుమాలిన చెయ్యి ఎవరిదే?"

కెజియా ఆ కాగితం అందుకుంది. మడత సరిచేసింది.

"ఆడదాని చెయ్యి అత్తయ్యా" అంది. "ఎవరిదైనా ఒకటే."