పదివేల ఏడు గుండీలు

పొద్దున పెద్దాయన చేతిలో ఉన్న సరుకు ఇది: పదివేల ఏడు కోటు గుండీలు, ఒక దొంతర అట్టపెట్టెలు, ముప్పయ్యొక్క ఏళ్ల నడుంనొప్పి, సాయంత్రం దాకా ఉద్యోగం. ఆ గుండీల లాటు గేటు దాటితేనే ఉద్యోగం నుంచి విడుదల కాగితం చేతికొస్తుంది. దాటకపోతే ‘సరుకు అప్పగించలేదు’ అని రాసిస్తారు. ఇన్నేళ్లలో ఆయన పేరు పక్కన ఎర్రసిరా పడలేదు.

కార్ఖానాలో ఒక లాటుకి ఒకే రకం చీటీ. ప్రతి పెట్టెలోనూ గుండీలు సమంగా ఉండాలి, ఒక్కటీ మిగలకూడదు.

బల్ల మీద సుద్దతో పన్నెండేసి వేసి చూశాడు. పదకొండు మిగిలాయి. పదమూడేసి వేస్తే పది. పదిహేడేసి వేస్తే మళ్లీ పదకొండే. గుండీలు నెట్టీ నెట్టీ పలకబారిన బొటనవేలితో అంకెలు చెరిపేశాడు.

తూకం దగ్గరావిడ నవ్వింది. “అన్నా, నువ్వంటే ప్రేమ వాటికి. వదలనంటున్నాయి.”

“నీకు నవ్వులాటగా ఉందమ్మా.”

మధ్యాహ్నానికి సూపర్‌వైజర్ వచ్చాడు. “ఇంకా అవలేదా బాబాయ్?”

“మొండిఘటం సార్. ఎవరితోనూ పొత్తు కుదరట్లేదు.”

“లెక్క తప్పి ఉంటావు.”

“మూడుసార్లు లెక్కపెట్టాను. కావాలంటే మీరూ కూర్చోండి.”

సూపర్‌వైజర్ గుట్టని చూశాడు, గడియారాన్ని చూశాడు. “పోనీ, ఏడు తీసి జేబులో వేసుకో. పదివేలని రాసెయ్. పీడా పోతుంది.”

“తీస్తే దొంగతనం, రాస్తే అబద్ధం. పోతూ పోతూ ఆ రెండూ ఎందుకు సార్ నాకు?”

మళ్లీ సుద్ద పట్టాడు. పెట్టెకి వంద దాటిస్తే పెట్టెలే వంద లోపుకి తగ్గుతాయి. అది తిరగేసిన బేరం, కొత్తదేం కాదు. కాబట్టి వంద దాకా చూస్తే చాలు. తొంభై ఏడు దగ్గర పదహారు, వంద దగ్గర ఏడు మిగిలాయి. సుద్ద విసిరికొట్టాడు.

ఎవరికీ వాటా ఇవ్వని సరుకు. ఒకటికి లొంగుతుంది, తనకు తాను లొంగుతుంది, అంతే. అయితే పెట్టెకొకటి చొప్పున పదివేల ఏడు పెట్టెలు కావాలి. లేదా...

లేచి, యంత్రాల విడిభాగాలొచ్చిన ఖాళీ చెక్కపెట్టె ఈడ్చుకొచ్చాడు. గుండీలన్నీ అందులో కుమ్మరించి చీటీ రాశాడు. పెట్టెకి: 10,007. పెట్టెలు: 1. మిగులు: లేదు.

సూపర్‌వైజర్ తల పట్టుకున్నాడు. “ఇదేం సర్దుడు బాబాయ్! మోసేదెవరు?”

“మోత గురించి రూల్లో లేదు సార్. ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ తేడా ఉందేమో చూసుకోండి.”

గోడ మీది రూలు రెండుసార్లు చదివి సూపర్‌వైజర్ సంతకం గీకాడు. ఇద్దరు హమాలీలు తిట్టుకుంటూ పెట్టెను గేటు దాటించారు. కాగితం మడిచి చొక్కా లోపల పెట్టుకుని, పెద్దాయన వెనక్కి తిరక్కుండా బస్సు ఎక్కేశాడు.

ముప్పయ్యొక్క ఏళ్లకి రాబడి: మచ్చలేని కాగితం ఒకటి. వదిలివెళ్లిన పెట్టె గేటు అవతల దారికి అడ్డంగా ఉంది. జనం విసుక్కుంటూ పక్కనుంచి ఒరుసుకుపోతున్నారు. దాని మీద చీటీకి రాసిన జిగురు ఇంకా ఆరలేదు.