దావా వేసిన నాడే

కోర్టు మనుషులు పొద్దున్నే వచ్చారు. వీధి మొదట్లో ఉన్న బంకాయన షెడ్డులోకి వెళ్లి, బల్ల మీద సగం కోసిన తోలు అలా ఉండగానే కంప్యూటర్ తీగలు పీకి, దాంతో నడిచే కోతబల్లకు సీలు వేశారు. చెప్పులకు బంక పూసే ఆయన చేతులు ఇంకా ఆరలేదు. వాళ్లిచ్చిన కోర్టు కాగితం వేళ్లకు అంటుకుపోయింది. వచ్చినవాళ్లలో ఒకడు, "ఇక వదలదులే పెద్దాయనా" అని నవ్వాడు.

ఆ నవ్వు ఎదురు షెడ్డులో ఉన్న మచ్చలక్కకు వినపడింది. ముప్పయ్యేళ్లుగా ఆమె తోలు కోస్తోంది. తోలు పరిచి అరచేత్తో ఒక్కసారి నిమిరితే చాలు, ఆ జంతువుకు ఎక్కడ ముల్లు గీరిందో, ఎక్కడ ఈగ కుట్టిందో వేళ్లకు తెలిసిపోతుంది. అందుకే ఆ పేరు. దేవుడు కొందరికి కళ్లు వేళ్ల చివర పెడతాడు కాబోలు.

మధ్యాహ్నానికి పన్నెండు షెడ్లలోనూ కోతబల్లలు మూతపడ్డాయి. కుట్టేవాళ్లు, అంటించేవాళ్లు, మోసేవాళ్లు, అందరూ మచ్చలక్క షెడ్డులో కూడారు. మేడ మీద అద్దెకుండే ప్లీడరమ్మ కాగితం చదివింది.

"మచ్చలు తప్పించి, తోలు సాగే వైపు చూసి ముక్కలు అమర్చే పద్ధతి మీద పెద్ద కంపెనీ పేటెంటు తీసుకుంది. అది ఇక వాళ్ల సొత్తట. మీ కోతబల్లల్ని నడిపే సాఫ్ట్‌వేర్‌దీ అదే పద్ధతి కాబట్టి ఆపమంటున్నారు."

"అది మా అక్క చేతిలో పని కదమ్మా!" అన్నాడు బంకాయన.

"నాకు తెలుసు. రుజువు చేయడానికి ఏళ్లు పడుతుంది. అందాకా బల్లలు మూతే." ప్లీడరమ్మ కొంచెం ఆగింది. "కనిపెట్టినవాడి పేరు కూడా రాశారు."

ఆ పేరు మచ్చలక్క మరిదిది.

ఎవరూ ఆమె వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

ఆమె కాపురానికి వచ్చేనాటికి వాడికి ఏడేళ్లు. తల్లి లేని పిల్లాడు. అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే ఒళ్లో వేసుకుంది. పెద్దయి కంప్యూటర్ నేర్చుకుని, ఒక వానాకాలమంతా ఆమె బల్ల పక్కనే కూర్చున్నాడు. "వదినా, ఈ ముక్కను ఎందుకు తిప్పావ్?" "పొట్ట తోలు సాగుతుందిరా, వెన్ను తోలు నిలుస్తుంది. చెప్పుకు వేళ్ల దగ్గర వచ్చే ముక్క వెన్ను వైపు పెట్టు." ఆమె చెబుతుంటే వాడు రాసుకున్నాడు. కుట్టేవాళ్లు తమకు తెలిసింది చెప్పారు, అంటించేవాళ్లు తమది చెప్పారు. అలా సాఫ్ట్‌వేర్ తయారైంది. ఎవరైనా వాడుకోవచ్చని, మార్చుకోవచ్చని ఓపెన్ సోర్స్‌గా లోకానికి వదిలారు. విద్య దాచుకుంటే పాపమంటారు పెద్దలు. పంచుకుంటే ఏమవుతుందో మాత్రం ఎందుకు చెప్పరో!

ఆనాటి మీటింగులో ఆమే అడిగింది: "బావి తవ్వి అందరికీ వదులుతున్నాం, బానే ఉంది. నీళ్లు తాగినవాడే వచ్చి బావి నాదంటే?"

మరిది నవ్వి, వాడుకునేవాళ్ల కోసం రాసిన లైసెన్సులోని షరతు చదివి వినిపించాడు. "దీన్ని వాడుకుంటూనే, ఇందులో నా పేటెంటు ఉందని తోటివాళ్ల మీద ఎవరైనా దావా వేస్తే, దావా వేసిన నాడే వాళ్లకు దీన్ని వాడే హక్కు పోతుంది." వీధంతా చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు ఆ షరతు బంకాయనకే ముందు గుర్తొచ్చింది. "కంపెనీవాడి తొమ్మిది ఫ్యాక్టరీల్లోనూ మన సాఫ్ట్‌వేరే కదా! దావా వేశాడు, హక్కు పోయింది. వాడి మిషన్లే ఆగాలి!"

"పోవాలి," అంది ప్లీడరమ్మ. "ఈమధ్య మీరేమైనా సంతకాలు పెట్టారా?"

"పెట్టాం," అన్నాడు బంకాయన.

రెండు నెలల కిందట, కంపెనీలో ఉద్యోగం చేస్తున్న మరిది పండ్ల బుట్టతో వచ్చి ఇంటింటికీ తిరిగాడు. కంపెనీకి విడిగా అనుమతి కావాలట, మామూలు కాగితమేనన్నాడు. ఆ కాగితంలో దావా షరతు లేదు, అంటే దావా వేసినా కంపెనీ హక్కు పోదు. అడిగినవాళ్లంతా సంతకాలు చేశారు.

"చదవలేదా?"

"మనవాడు తెచ్చిన కాగితం వాడి ముందే చదివితే..." కుట్టుపని ముసలమ్మ గొంతు తగ్గించింది. "పిల్లాడి మొహం చిన్నబోదూ?"

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి!" అని మోత కూలీ లేచాడు. "నీ మరిదేగా అక్కా! తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు. నీకెంత ముట్టిందో!"

"నోర్ముయ్!" అన్నాడు బంకాయన.

"అననీ అన్నా," అంది మచ్చలక్క. "వాణ్ణి పెంచిన చేతులే ఇవి. కానీ నా దగ్గరికి ఏ కాగితమూ రాలేదు."

ప్లీడరమ్మ చటుక్కున తలెత్తింది. తన కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ తెరిచింది. అందులో ఏ భాగం ఎవరిదో పేర్లుంటాయి. మచ్చలు తప్పించే భాగం దగ్గర మచ్చలక్క అసలు పేరుంది. ఆ రోజుల్లో మరిదే, వద్దంటున్నా వినకుండా రాశాడు.

"అక్కా, నీ అనుమతి లేనిదే ఈ భాగానికి కొత్త కాగితం చెల్లదు. పాత షరతే. ఇది లేకపోతే వాళ్ల మిషన్లు ఒక్క ముక్క కోయలేవు."

మర్నాడు మధ్యాహ్నమే మరిది వచ్చాడు. మచ్చలక్క రాయి మీద కత్తి నూరుతోంది.

"వదినా, నీ ఒక్క సంతకం. మన షెడ్డు సీలు తీసేస్తారు. నేను మాట తీసుకున్నా."

"మన అంటే ఎవర్రా?"

"మనమే. ఇంట్లోవాళ్లం."

"బంకాయన?"

వాడు సంచిలోంచి కాగితం తీశాడు.

"అందరి దగ్గరికీ వెళ్లావు. నా దగ్గరికెందుకు రాలేదు?"

"నువ్వు నన్నే చదివి వినిపించమంటావని."

కత్తి ఆగింది. కూడబలుక్కుని తప్ప చదవలేని ఆమెకు, వాడి చిన్నప్పటి నుంచీ ప్రతి కాగితమూ వాడే చదివి పెట్టాడు.

"అయితే చదువు."

వాడు మొదలుపెట్టాడు. రెండో పేరా దాకా వచ్చి ఆగిపోయాడు. కాగితం బల్ల మీద వదిలి వెళ్లిపోయాడు. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఆమె చూసింది, అవి తను కోసిన తోలువే. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు, హక్కు పోయింది కాబట్టి మిషన్లు ఆపమని ప్లీడరమ్మ రాసిన నోటీసు కంపెనీకి వెళ్లింది. కంపెనీ మిషన్లు ఆపలేదు. నాలుగో రోజు వీధంతా కదిలి ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడింది. మచ్చలక్క లైసెన్సు కాగితం పట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంది: "దావా... వేసిన... నాడే..."

"ఇది చెప్పుల కొట్టు కాదమ్మా, పో," అన్నాడు కాపలావాడు.

"చెప్పుల కొట్టే బాబూ. నీ కాళ్లకున్నవీ మేం కోసినవే!" అని అరిచింది ముసలమ్మ. నవ్వులు గేటు దాటి లోపలికి వెళ్లాయి. కోత హాలు కిటికీల్లో మొహాలు కనిపించాయి.

కంపెనీ పిలిపించిన పోలీసులు మచ్చలక్కను చెయ్యి పట్టి వ్యాను ఎక్కించారు. అప్పుడే లోపల ఒక మిషన్ ఆగింది. దాని ముందు నిలబడిన కార్మికుడు కిటికీలోంచి అరిచాడు: "హక్కు పోయిన పని మాచేత చేయించొద్దు!" పక్కది ఆగింది. ఆ పక్కది కూడా.

పై అంతస్తు అద్దం వెనక మరిది నిలబడి ఉన్నాడు.

"వాణ్ణేం చేద్దామక్కా?" వ్యాను కమ్మీ పట్టుకుని అడిగాడు బంకాయన.

ఆమె ఒక్కసారి పైకి చూసింది. "ఆ మచ్చ మానదన్నా. తప్పించి కోసుకుందాం." చేతిలోని కాగితం కమ్మీల్లోంచి అందించింది. "నువ్వు చదువు. తర్వాత పక్కవాడికివ్వు. అందరూ చదవాలి, పైకి, వినపడేలా."

వ్యాను కదిలింది. వెనక బంకాయన మొదలుపెట్టాడు, తడబడుతూ. తర్వాత ముసలమ్మ. తర్వాత ఆ రోజు నోరు జారిన మోత కూలీ. మలుపు తిరిగేసరికి కిటికీల్లోంచి కూడా ఆ షరతు వినిపించసాగింది. ఇంకా ఎనిమిది ఫ్యాక్టరీలున్నాయి.