నాలుగంగుళాల అతుకు

మా బృందంలో ఎవరికీ పాత కారు లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మా ఆవిడ లలితకుమారి మమ్మల్ని ఏళ్ల తరబడి దెప్పుతూనే ఉంది. ఫలానా ఊళ్లో, ఫలానా షెడ్డులో దుమ్ముకొట్టుకున్న ఇంగ్లండు బండి ఉందని తెలిస్తే చాలు, ఆదివారం పొద్దున్నే బైకులేసుకుని బయల్దేరతాం. యజమాని సరేననకుండా బండిని ముట్టుకోకూడదు, ధర అడగకూడదు. ఇరవై అడుగుల దూరంలో నిలబడి ఏ మోడలో, ఏ ఏడాదిదో చెప్పాలి. ఆ తర్వాత దాని ముక్కూ మొహం మీద వాదన. ఏడాది తప్పితే నవ్వి వదిలేస్తాం. వాదనలో ఓడినవాడు మాత్రం మా వాట్సాప్ గ్రూపులో తన చేత్తో "నేను తప్పు చెప్పాను" అని రాయాలి. అదొక్కటే శిక్ష.

తొమ్మిదేళ్లలో నేను ఆ ముక్క ఒక్కసారి కూడా రాయలేదు. నా పేరు తాతారావు. పుట్టింది కాకినాడ, స్థిరపడింది బడంగ్‌పేట్. బస్సు బాడీలు కట్టే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు చూపించడానికి వచ్చినవాణ్ణి నలుగురిలో కడిగిపారేయడం కూడా నాకు అలవాటే. అందులో ఒక రకమైన రుచి ఉంది, అబద్ధం చెప్పను.

కిందటి కార్తీకంలో దివాకర్ ఫోన్ చేశాడు. ఇబ్రహీంపట్నంలో అతనికి బ్యాటరీల దుకాణం ఉంది. నాకన్నా పదేళ్లు చిన్న. నోరు చిన్నది, చదువు పెద్దది.

"అన్నా, మా దగ్గర కిష్టారెడ్డి పటేల్ షెడ్డుల మోరిస్ మైనర్ ఉందట. నలభై ఏండ్ల సంది బయటికి తియ్యలేదట. వస్తవా?"

రాకపోవడమా! నాదర్‌గుల్, ఆదిబట్ల మీదుగా గంటలో అక్కడున్నాను. ఇబ్రహీంపట్నం దాటి నాలుగు కిలోమీటర్ల లోపలికి వెళితే ఆ ఊరు. కిష్టారెడ్డికి యాభై ఏడెనిమిది ఉంటాయి. పొలం మనిషి, మాట నెమ్మది. డ్రిప్పు పైపుల చుట్టలు, పత్తి బస్తాలు పక్కకు జరిపించి పరదా లాగాడు. "మా బాపు బండి సారు. బుచ్చిరెడ్డి పటేల్ అంటే ఈ దిక్కు అందరికీ ఎరికె" అన్నాడు.

కారు మొహం చూసి నా ప్రాణం లేచొచ్చింది. హెడ్‌లైట్లు పైన మడ్‌గార్డు రెక్కల మీద కాదు, కింద గ్రిల్లులోనే ఒదిగి ఉన్నాయి. ఆ కంపెనీ తర్వాత వాటిని పైకెత్తి బండి అందం చెడగొట్టిందని నేను. పైకెత్తాకే కళ్లు తెరిచినట్టయిందని దివాకర్. అరగంట కొట్టుకున్నాం. అంతవరకూ బాగానే ఉంది. ఏడాది దగ్గర నేను యాభై ఒకటి అన్నాను. దివాకర్ పటేల్‌ను అడిగి బానెట్ ఎత్తి, లోపలి నంబరు రేకు తుడిచి, "నలభై తొమ్మిదన్నా" అన్నాడు మెల్లగా. మాతో వచ్చిన మిగతా ముగ్గురూ నవ్వారు. పెద్ద నవ్వేం కాదు. కానీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

సరిగ్గా అప్పుడే దివాకర్ ముందు బంపరు చూపించాడు. బంపరు ఒకే ముక్క కాదు. నడిమధ్య రెండుగా ఉంది. ఆ రెండింటినీ కలుపుతూ నాలుగంగుళాల పట్టీ బిగించి ఉంది.

"ఇది కంపెనీ అతుకేనేమో అన్నా. ఎక్కడ్నో సదివినట్టు యాదికొస్తుంది" అన్నాడు.

"కంపెనీవాడు కొత్త బండికి అతుకేసి అమ్ముతాడా? బుర్ర ఉండే మాట్లాడుతున్నావా?" అన్నాను. "దేన్నో గట్టిగా గుద్దింది. వంగిన ముక్క కోసేసి పట్టీ వేశారు. రేకు పని ముప్పై నాలుగేళ్లు చేసినవాణ్ణి, నాకు చెప్తావా!"

దివాకర్ ఊరుకున్నాడు. ఊరుకోనిది కిష్టారెడ్డి. పరదా అంచు పట్టుకుని అలాగే నిలబడి, "జర మల్ల చెప్పుండ్రి సారు. గుద్దిందే అంటరా?" అని అడిగాడు.

"నూటికి నూరుపాళ్లు."

"ఎన్నేండ్ల కింద జేసిన పని అయి ఉంటది?"

నాకేం తెలుసు? అయినా తుప్పు వంక తెలివిగా చూసి, "నలభై ఏళ్లకు తక్కువుండదు" అన్నాను. ఆయన మొహంలో నెత్తురు లేకుండా పోయింది. నేను చూశాను. చూసి కూడా, ఎందుకండీ అని అడగలేదు. గెలిచిన ఊపులో ఉన్నాను.

ఇంటికొచ్చి భోంచేసి, బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీశాను. దివాకర్ మాట ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. నూట పన్నెండో పేజీలో దొరికింది. బండి తయారీకి సిద్ధమయ్యాక, మరీ సన్నగా ఉందనిపించి, దాన్ని గీసిన ఇంజనీరు మోడలును నిలువునా రెండుగా కోయించాడు. నాలుగంగుళాలు ఎడం చేస్తే చూపుకు నప్పింది. అప్పటికే చేయించి పెట్టిన బంపర్లు పొట్టివైపోయాయి. వాటినీ మధ్యకు కోసి, నాలుగంగుళాల పట్టీ వేసి, మొదట్లో వచ్చిన కార్లకు బిగించారు. పక్కన ఫొటో. అదే పట్టీ, అదే అతుకు. ఈ పేజీ నేను లోగడ చదివాను. పక్కన నా పెన్సిలు గీత కూడా ఉంది.

పుస్తకం ఒళ్లో ఉండగానే దివాకర్ ఫోన్.

"అన్నా, ఒక మాట అడుగుత, కోపం జెయ్యకు. ఆ బంపర్ సంగతి నీకు పక్కానా?"

"ఏం, ఎందుకు?"

చెప్పాడు. ఎనభై మూడులో ఆ ఊరి దారి మీద, పొద్దుగూకే వేళ, నారయ్య అనే కూలీ మనిషిని ఏదో బండి గుద్దేసి పోయింది. సైకిలూ మనిషీ నుజ్జయ్యారు. ఊళ్లో కారున్నది బుచ్చిరెడ్డికి ఒక్కడికే. ఆ సాయంత్రం ఆయన అదే దారిన వచ్చాడు. నా బండి ఎవరినీ తాకలేదని పదిమందిలో ప్రమాణం చేశాడు. సగం ఊరు నమ్మింది, సగం నమ్మలేదు. పోలీసులకూ ఏమీ తేలలేదు. కారు షెడ్డెక్కింది. నారయ్య భార్య సుగుణమ్మ ఆ ఇంటి గడపా తొక్కలేదు, వాళ్ల చేలో కూలికీ పోలేదు. మా నాయన అట్లాంటివాడు కాదని కిష్టారెడ్డి పదహారేళ్లప్పటి నుంచి ఎందరితోనో కొట్లాడాడు.

"పొద్దుగాల సంది పటేల్ అన్నం ముట్టలేదట. అందుకే అడుగుతున్న. పక్కానా అన్నా?"

నూట పన్నెండో పేజీ నా కళ్ల ముందే ఉంది. 'కాదు, నువ్వే కరెక్టు' అంటే అయిపోయేది. అంటే గ్రూపులో ఆ ముక్క రాయాలి. అదీ ఒకే రోజు రెండోసారి ఓడి. దివాకర్ ముందు. నలభై ఇద్దరు చూస్తారు.

"పక్కా" అన్నాను.

ఇంతకన్నా నీచమైన పని నా జీవితంలో చేయలేదు. తెలియక చెప్పిన మొదటి మాటకు క్షమాపణ ఉందేమో. తెలిసి చెప్పిన ఈ రెండక్షరాలకు లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ పదకొండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. పుస్తకాన్ని బీరువాలో బట్టల కిందకు తోశాను. "ఏమైంది మీకు, చారులో ఉప్పు లేకపోయినా తినేస్తున్నారు?" అంది లలితకుమారి. కసురుకున్నాను.

పన్నెండో రోజు దివాకర్ మళ్లీ ఫోన్ చేశాడు. కిష్టారెడ్డి నిన్న పొద్దున సుగుణమ్మ ఇంటికి నడిచివెళ్లి, వాడకట్టంతా చూస్తుండగా ఆమె కాళ్ల మీద పడ్డాడట. మా బాపే నీ మొగణ్ణి సంపిండు, నలభై ఏండ్లు అబద్ధం ఆడినం అన్నాడట.

చెప్పులు సరిగ్గా వేసుకున్నానో లేదో కూడా గుర్తులేదు. పుస్తకం చంకలో పెట్టుకుని బైకు తీశాను. ఆ ఊరు చేరేదాకా ఒకటే ఆలోచన. నలుగురినీ పిలిచి, సుగుణమ్మ ముందే తప్పు ఒప్పుకుంటాను. తిడితే పడతాను, కొట్టినా పడతాను.

వాకిట్లో కిష్టారెడ్డి భార్య అనపకాయలు ఒలుస్తోంది. పక్కన ఒక ముసలామె, డెబ్బై అయిదు పైమాటే, తనూ ఒలుస్తోంది. ఎవరని అడగక్కర్లేకపోయింది. ముందు ఆయనకే చెప్పాలనిపించి, కిష్టారెడ్డిని షెడ్డు వెనక్కి తీసుకెళ్లి పుస్తకం తెరిచాను. ఫొటో చూపించి సంగతి చెప్పాను.

ఆయన ఇంగ్లీషు చదవలేడు. కానీ ఫొటో చాలాసేపు చూశాడు. పట్టీ మీద వేలు పెట్టి రుద్దాడు.

"అంటే మా బాపు గుద్దలేదా?"

"ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలీదండి. కానీ ఈ అతుకు పుట్టుకతోనే ఉంది. మీ నాన్నగారి మాట అబద్ధమని చెప్పే సాక్ష్యం ఏదీ ఈ బండిలో లేదు."

"నీకు ఎప్పుడు ఎరికైంది?" మీరు కాస్తా నువ్వయింది.

"ఆ రోజే. మధ్యాహ్నం."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. ఆయన పత్తి బస్తా మీద కూలబడ్డాడు.

"బాపు దవాఖానల పానం పోయేటప్పుడు ఒక్కటే అడిగిండు. ఊరు నమ్మకుంటె పాయె, నువ్వన్న నమ్ముతవా బిడ్డా అన్నడు. నమ్ముత బాపు అన్న. గా ఒక్క మాట మీద కండ్లు మూసిండు." పుస్తకం మూసి నా వైపు తోశాడు. "ముక్కూ మొఖం తెల్వనోడివి, నువ్వొచ్చి ఒక్క మాటంటె, బాపును ఇడిసిపెట్టి నీ మాట వట్టుకున్న. నిన్నెందుకు తిట్టాలె? నాదే తప్పు."

"కాదండి, నాదే. ఇప్పుడే ఆవిడకు చెబుతాను. ఊరందరికీ చెబుతాను. గ్రూపులో కూడా రాస్తాను."

లేవబోయిన నన్ను చెయ్యి పట్టి ఆపాడు.

"ఆమెకు ఏం జెప్తవ్? ఎవలు గుద్దిన్రో ఎరికె లేదని జెప్తవా? నిన్న ఏమన్నదో తెల్సా? 'నలభై ఏండ్లు ఎదురొచ్చిన పతొక్కని మొఖం జూసి, వీడేనా, వాడేనా అనుకున్న. ఇయ్యాల్టితోని ఆ పని తప్పింది పటేలా' అన్నది. రాత్రి బువ్వ దిని పండుకున్నదట. పొద్దున తనంతట తనే ఈడికి వచ్చింది. ఇప్పుడు మల్ల ఆమెను గా దారి మీద నిలవెడ్తవా?"

"మరి మీ నాన్నగారి పేరు?"

ఆయన తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు.

"నీ గ్రూపుల గూడ రాయకు. దివాకర్‌కు తెలిస్తె ఊరికి తెలుస్తది. గెలిచినవ్ గద, గెలిచినట్టే ఉండు."

మేం వాకిట్లోకి వచ్చేసరికి సుగుణమ్మ తలెత్తి చూసింది. చూపు మందగించిందేమో, చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవలు పటేలా? బండి జూసి చెప్పిన సారేనా?"

కిష్టారెడ్డి నా వైపు చూశాడు. నేను కిష్టారెడ్డి వైపు చూశాను.

"అవ్, గా సారే" అన్నాడాయన.

ఆమె ఒడిలోని తొక్కలు దులుపుకుని, మోకాలి మీద చెయ్యానించి లేచింది. దగ్గరికి వచ్చింది. అనపకాయల వాసన వేస్తున్న రెండు చేతులతో నా తల పట్టుకుంది.

"నలభై ఏండ్లల ఒక్కడు నోరు ఇప్పలేదు బిడ్డా. పోలీసోళ్లు జెప్పలే, ఊరోళ్లు జెప్పలే. యాడికెల్లో వచ్చి నువ్వు నిజం జెప్పినవ్. నీ కడుపు సల్లగుండ, నీ పిల్లలు సల్లగుండ."

నేను ఆమెకు అందేలా తల ఇంకాస్త వంచాను.